మేకుకి తగిలించిన కొస

ఇంటి నుంచి,
వంటగది గుమ్మం

అక్కా,

పైన "ప్రభువు నామంలో వందనాలు" అని రాయలేదని చూసుకుంటావు. మరిచిపోయి కాదు, రాయబుద్ధి కాలేదు. మీ మఠం మదర్ గారు ఉత్తరాలన్నీ ముందు చదువుతారుగా, ఆవిణ్ణి కూడా చూడనీ.

నీ కార్డు అందింది. దాని మీద పూలున్నాయి. "గువ్వ ఇప్పుడు ప్రభువు ఒడిలో ఉంది" అని రాశావు. నా ఒడికేం తక్కువైందక్కా? నా కూతురు అందులోనే పెరిగింది. అంత పిల్లై ఉండి కూడా, పని నుంచి వచ్చి నేను కూలబడితే తల తెచ్చి అక్కడే పెట్టేది. బరువుగా ఉన్నావే లే అంటే, ఇంకా బరువు పెట్టేది.

మట్టి వేయడానికి నువ్వు రాలేదు. మఠంలో ఆ ఇనప జాలీ దాటి బయటికి రాకూడదని మీ రూలు. నాకు తెలియంది కాదు, నిన్ను ఆ గుమ్మం దాకా దింపి వచ్చింది నేనేగా. ఐనా గుంట దగ్గర నిలబడి గేటు వైపే చూశాను. ఆశకి రూళ్ళు తెలీవు.

నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదని కార్డు చూస్తేనే తెలిసింది. "ప్రమాదం" అని రాశావు. నేను చెప్తా విను. ఆ రోజు క్యారియర్ ఇంట్లో మరిచిపోయి లాండ్రీకి పోయాను. గువ్వ దాన్ని తెచ్చింది. ఉతికిన మూటల్ని ఆసుపత్రి వార్డులకి తీసుకుపోయే వ్యాను పెరట్లో వెనక్కి వస్తోంది. అలా వచ్చేటప్పుడు ఒక మనిషి దిగి వెనక చూడాలి. ఎవరూ దిగలేదు. నడిపేవాడు తల తిప్పలేదు. గోడకీ వ్యానుకీ మధ్య ఇరుక్కుంది. ఇంక రాయలేను. క్యారియర్‌కి మాత్రం సొట్ట పడలేదు.

నడిపింది ఎవరనుకున్నావు? లాండ్రీలో నా ఎదురుకొస పట్టే వదిన కొడుకు.

ఆమె గురించి నీకు ఎన్ని ఉత్తరాల్లో రాశానో. ఆసుపత్రి దుప్పట్లు పెద్దవి, ఒక్క మనిషి మడవలేదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, లాగి దులిపి, ఎదురెదురు నడిచి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఎదురు. నేను పనిలో చేరినప్పటి నుంచి నా ఎదురుకొస ఆమెదే. మీ మరిదితో కలిసి నడిచిన నడక కన్నా ఆమెకి ఎదురు నడిచిన నడకే ఎక్కువ. గువ్వ కడుపులో ఉన్నప్పుడు పొట్ట అడ్డం వచ్చి కొసలు కలిసేవి కాదు. "లోపలున్నదాన్ని కాస్త పక్కకి జరగమను" అనేది. అంత నవ్వు ఇంకెక్కడా నవ్వలేదు నేను.

ఇప్పుడు ఆమె కొడుకు జైల్లో ఉన్నాడు. నా కూతురు మట్టిలో ఉంది.

మళ్ళీ పనికి పోయిన మొదటి రోజు ఆమె వచ్చి రోజూలాగే కొస పట్టుకుని నిలబడింది. నేను నా కొస వదిలేశాను. దుప్పటి తడి నేల మీద పడింది. సూపర్‌వైజర్‌తో చెప్పేశాను, ఆమె ఉంటే నేను బల్ల దగ్గర ఉండనని. ఆయన ఆమెని మురికి గదికి మార్చాడు. వార్డుల నుంచి వచ్చిన నెత్తురు గుడ్డలు, చీము గుడ్డలు విడదీసే గది అది. అందులోకి పోవడానికి మగవాళ్ళే వెనకాడతారు.

నాకు జతగా ఇవ్వడానికి మనుషుల్లేరు. గోడకి పెద్ద మేకు కొట్టించుకున్నా. అవతలి కొసలు దానికి తగిలిస్తా. మేకు ఎదురు రాదు. నేనే దాని దగ్గరికి పోవాలి, నేనే వెనక్కి రావాలి. పని రెట్టింపైంది. ఐనా బాగుంది. మేకుకి కొడుకులు లేరు.

నీ చెల్లి


మఠం,
జాలీ లోపలి వైపు

చెల్లీ,

మదర్ నీ ఉత్తరం చదివి నా చేతికిస్తూ, "జవాబుకి తొందరపడకు" అన్నారు. అందుకే ఇంత ఆలస్యం. ఆ కార్డుకి సిగ్గుపడుతున్నా. పూల కార్డులు ఇక్కడ సొరుగులో ఉంటాయి. ఎవరు పోయినా అవే పంపుతాం.

నీకు దేవుడి మాటలు చెప్పను. నాకు నేర్పిన పని ఒకటుంది, అది చెప్తా. ఇష్టముంటే చెయ్యి, లేకపోతే మానెయ్యి. మేం చర్చిలో పూజకి పంచే పలచటి అప్పాలు కాలుస్తాం కదా. ఇనప అచ్చు మీద పిండి పొయ్యడం, మూయడం, తెరవడం, తియ్యడం. రోజల్లా అదే. కొత్తలో ఏడ్చేదాన్ని, ప్రార్థన కోసం వస్తే నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టారని. అప్పుడొక ముసలి సిస్టర్ అంది, "పొయ్యి దగ్గరే చెయ్యి. పెద్ద మాటలేం వద్దు. ఒక్క పేరు చాలు. ఊపిరి తీసుకుంటూ సగం, వదులుతూ సగం. చేతులు ఎక్కడున్నాయో మనసూ అక్కడే ఉండాలి. పారిపోతే తిట్టకు, కోడిపిల్లని గంప కిందికి తోలినట్టు మెల్లిగా తోలుకురా."

అంతే. నువ్వు మేకు దగ్గరికి పోతూ సగం అను, వెనక్కొస్తూ సగం అను.

ఆమె ఎలా ఉంది? ఎన్నో ఏళ్ళుగా నీ ఉత్తరాల్లో వదిన, వదిన అనే ఉండేది. ఈసారి ఒక్క చోటే వదిన అన్నావు. తర్వాతంతా ఆమె, ఆమె.

మరిది గారు తింటున్నారా?

అక్క


ఇంటి నుంచి,
అదే గుమ్మం

అక్కా,

మఠంలో కూర్చుని కోళ్ళ గురించి ఆలోచిస్తారని నాకు తెలీదు. ముసలి సిస్టర్ మాట బాగుంది.

చేస్తున్నా. నమ్మి కాదు, ఊరికే. ఒక పేరు పెట్టుకున్నా. మొదట్లో గొంతులో అడ్డంపడేది. ఇప్పుడు నేను అనకపోయినా దానంతటదే వస్తోంది. మిషన్ల మోతలో ఎవరికీ వినపడదు. కాస్త నిద్ర కూడా పడుతోంది. నీకు సంతోషమేగా.

మీ మరిది సంగతి అడిగావు. ఊరందరి తాళాలూ తెరిచే మనిషి. గువ్వ రేకు పెట్టెకి తాళముంది. తాళంచెవి గువ్వ మెడలో ఉండేది, దాంతోనే పోయింది. ఒక్క తీగ ముక్కతో తెరవగలరు. తీగ పట్టుకుని పెట్టె ముందు కూర్చుంటారు, కూర్చుని కూర్చుని లేచి షాపుకి పోతారు. మా ఇద్దరి మధ్య మాటల్లేవు. మౌనం కోసం నువ్వు అంత దూరం పోయావు గానీ, మా ఇంటికొస్తే ఊరికే దొరికేది.

ఆమె సంగతి అడక్కుండా ఉండాల్సింది. మొన్న సూపర్‌వైజర్ వచ్చాడు.

"అమ్మా, ఆవిడకి షుగర్. ఆ గుడ్డల్లో సూదులొస్తాయి, వార్డుల్లో చూసుకోకుండా చుట్టి పడేస్తారు. గ్లౌజులు చూస్తే జల్లెడలు. గుచ్చుకుందంటే ఆవిడకి మానదు. నువ్వు ఊ అను, బల్ల దగ్గరికి తెచ్చేస్తాను."

"నేను ఊ అనకపోతే?"

"నిన్ను కాదని ఎలా తెస్తాను? నీకు జరిగింది అలాంటిది."

"నేను అనను."

ఆయన తల గోక్కుంటూ పోయాడు. ఆమెకి షుగరని ఆయన నాకు చెప్పాలా? కళ్ళు తిరిగి పడితే ఆమె నోట్లో చక్కెర పోసింది ఎప్పుడూ నేనే. ఆయన ఆ మాట చెప్తుంటే నాకు జాలి రావాలి కదా. రాలేదు. మండే ఎండలో తడి గుడ్డ మెడ మీద వేసినట్టు చల్లగా అనిపించింది. నీకు అబద్ధం రాయలేను.

చెల్లి


మఠం,
అప్పాల గది

చెల్లీ,

పేరు దానంతటదే వస్తోందని రాసిన చోట ఆగిపోయాను. మళ్ళీ చదివాను. అందరూ ఆ చోటుకి రాలేరు. నేను చాలా ఏళ్ళు కూర్చుంటే గానీ రాలేదు. నువ్వు తలుపు తెరవకపోయినా ప్రభువు నీ ఇంట్లోకి వచ్చేశాడని మదర్ అన్నారు.

ఒక్కటి అడుగుతా. కోప్పడతావని తెలిసే అడుగుతున్నా. ఆమెని క్షమించమని నేననను. వ్యాను నడిపింది ఆమె కాదు, క్షమించడానికి అక్కడేం లేదు. ఆమెతో మాట్లాడకు, మొహం చూడకు, అది నీ ఇష్టం. ఆ గదిలోంచి మాత్రం బయటికి తీసుకురా. ఊ అను చాలు. రోజంతా ప్రభువు పేరు పలుకుతున్న నోటికి అదేం బరువు కాదు.

అక్క


లాండ్రీ నుంచి,
మూటల వెనక

అక్కా,

ప్రభువు పేరని నీకెవరు చెప్పారు?

ఒక్క పేరు చాలన్నావు. ఎవరి పేరో రాయలేదు. మీకక్కడ ఉన్నది ఒకటే పేరు కాబట్టి రాయక్కర్లేదనుకున్నావు. నాకూ ఉన్నది ఒకటే. గు అంటూ మేకు దగ్గరికి పోతాను, వ్వ అంటూ వెనక్కొస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కూతుర్ని దుప్పట్లలో చుట్టి వార్డులకి పంపుతున్నా. నా ఇంట్లోకి ఎవరూ రాలేదు. ఇది కూడా మీ మదర్‌కి చూపించు.

నిన్న మురికి గది కిటికీ ముందు నుంచి పోతూ చూశాను. ఆమె గుడ్డలు తిరగేస్తూ పెదవులు కదుపుతోంది. ఆగి చూశాను. ఒకటే మాట, మళ్ళీ అదే మాట. కొడుకుని విడిపించమని అడుగుతోంది, ఇంకేం అడుగుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మొర ఆ దేవుడు విన్నాడనుకో, వాడు నడుచుకుంటూ ఇంటికొస్తాడు. నా మొర విన్నాడనుకో, నాకేమొస్తుంది? ఇద్దరం చెరో పక్కా నిలబడి లాగుతున్నాం. ఆయన ఎవరి కొస పట్టుకుంటాడు?

సూపర్‌వైజర్ మళ్ళీ అడిగాడు. ఊహూ అన్నాను.

నీకు పిల్లల్లేరు, నీకు తెలీదు. నువ్వు ఎవరిని పెళ్ళాడానంటావో ఆయన చచ్చి లేచాడు. నా పిల్ల లేవదు.

చెల్లి


మఠం

చెల్లీ,

ఈ ఉత్తరం మదర్ చదవలేదు. చదవొద్దని అడిగితే సరే అన్నారు. ఇన్నేళ్ళలో నేను అడిగింది ఇదొక్కటే.

నీ మాట నిజం. నాకు తెలీదు.

గువ్వ పోయిందని కబురొచ్చినప్పుడు నేను అప్పాలు కాలుస్తున్నా. అచ్చు మూశాను, మళ్ళీ తెరవడం మరిచిపోయాను. గదంతా పొగ. సిస్టర్లు వచ్చి మాడినవి తీసి అచ్చు గీకారు. అప్పటి నుంచి ప్రార్థనకి కూర్చుంటే నా ముందు గోడ తప్ప ఏమీ లేదు. పేరు నోట్లోకి వస్తుంది, నమిలిన పీచులా ఉంటుంది. గువ్వ చిన్నప్పుడు నువ్వు తీసుకొస్తే, జాలీలోంచి వేళ్ళు దూర్చి అడిగింది గుర్తుందా? "పెద్దమ్మా, నువ్వేం తప్పు చేశావని నిన్నిందులో పెట్టారు?" అని. నువ్వు దాని నోరు మూశావు, అందరం నవ్వాం. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ వేళ్ళే కనిపిస్తున్నాయి. దానికి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నా.

నీకు రాసిందంతా చల్లారిన పొయ్యి ముందు కూర్చుని వేడి గురించి చెప్పినట్టు రాశాను. ఐనా గంట కొడితే పోతున్నా. గోడ ముందే కూర్చుంటున్నా. గోడైతే మాత్రం, దాని ముందు ఎవరో ఒకరు ఉండాలి కదా. నాకు వచ్చిన ప్రార్థనంతా పోయి ఇది మిగిలింది.

పేరు మార్చకు. గువ్వ అనే అను. నిన్నటి నుంచి నేనూ అదే అంటున్నా. తప్పైతే నా మీద రాసుకోమని ఆయనకి చెప్పాను.

కానీ ఆమెని ఆ గదిలో ఉంచి గువ్వ పేరు అనకు. నిన్ను బతిమాలుతున్నా.

అక్క


ఆసుపత్రి,
ఆడవాళ్ళ వార్డు బయట బెంచీ

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. విప్పకుండా పొయ్యి పైన అరలో పడేశాను. లోపల మళ్ళీ "ఊ అను" అనే ఉంటుంది, నాకు తెలుసు అనుకున్నా. ఇవాళే విప్పాను. ఇవాళ విప్పి ఏం లాభం.

ఆమెకి సూది గుచ్చుకుంది. కుడి చేతి బొటనవేలికి. ఎవరికీ చెప్పలేదు. గుడ్డ పీలిక చుట్టుకుని పని చేసింది. వేలు నల్లబడింది. ఆఖరికి ఆ గుడ్డల కుప్ప మీదే పడిపోయింది. బొటనవేలూ దాని పక్క వేలూ తీసేశారు. కొస పట్టుకునే వేళ్ళు అవే అక్కా.

చూడ్డానికి పోకూడదనుకున్నా. కాళ్ళే నన్ను తీసుకుపోయాయి. ఆమె మీద కప్పిన దుప్పటి నేను మడిచిందే. మేకుకి తగిలించి మడిస్తే మధ్య గీత వంకరగా వస్తుంది, కొస దగ్గర చిన్న చిల్లు పడుతుంది. ఆ చిల్లు సరిగ్గా ఆమె గడ్డం కింద ఉంది. ఆమె దాంట్లో వేలు పెట్టి తిప్పుతోంది, ఎడమ చేతి వేలు.

నన్ను చూసి, "మేకు బాగా పని చేస్తోందా?" అంది.

నేను అది విననట్టు, "గుచ్చుకుందని చెప్పలేదేం?" అన్నాను.

"ఎవరికి చెప్పను? నా ఒంట్లో బాగోకపోతే చెప్పుకునేది నీకే. నువ్వు నా వైపు చూస్తేగా."

స్టూలుంటే కూర్చున్నాను. ఆమె అటు తిరిగింది. నేనే అడిగాను.

"కిటికీలోంచి చూశాను. ఏదో గొణుగుతుంటావు. దేవుణ్ణి ఏమడుగుతున్నావు?"

"దేవుణ్ణా? ఆయనకీ నాకూ మాటల్లేవు, నీకూ నాకూ లేనట్టే."

"మరి పెదవులు కదిపావుగా."

"మా వాడితో అంటున్నా. వెనక్కి చూడరా, వెనక్కి చూడరా అని. గుడ్డ తిరగేసినప్పుడల్లా అంటా. జైలుకి పోతే వాడి మొహం చూసి అనలేను కదా. ఇక్కడ అంటున్నా. ఎన్నిసార్లన్నా వాడు చూడడు. ఐనా ఆపలేకపోతున్నా."

అక్కా, ఇన్నాళ్ళూ ఆమె కొడుకు కోసం అడుగుతోందనుకున్నా. ఆ గదిలో కూర్చుని, ఆ చీము గుడ్డల మధ్య, ఆమె నా గువ్వని వ్యాను వెనక నుంచి తప్పిస్తోంది.

 దుప్పటి అంచు వేలాడుతుంటే పరుపు కిందికి దోపి బయటికొచ్చాను. ఏడుపు రాలేదు. నేను ఊ అని ఉంటే ఆ రెండు వేళ్ళూ ఉండేవి. ఆ మాట ఎవరూ నాతో అనలేదు. సూపర్‌వైజర్ కూడా అనలేదు. తల మాత్రం గోక్కున్నాడు.

చెల్లి


మఠం,
జాలీ లోపలి వైపు

చెల్లీ,

నీ ఉత్తరం మదర్ చదివి నాకిచ్చారు.  సాయంత్రం నా పక్కన వచ్చి కూర్చున్నారు, గోడ ముందు.

ఇవాళ నేను గువ్వ అనలేదు. ఆమె మాట అన్నాను. వెనక్కి చూడు, వెనక్కి చూడు. ఎవరితో అన్నానో నన్ను అడగకు.

నీకు చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదు. ఏం చేస్తావో రాయి.

అక్క


లాండ్రీ నుంచి,
మడత బల్ల

అక్కా,

పైన ఒక వరస ఖాళీగా వదిలాను చూడు. వందనాలు రాద్దామని కలం పెట్టాను, రాలేదు. చోటు మాత్రం ఉంచాను.

ఆమె కట్టు విప్పాక పనిలోకి వచ్చింది. మళ్ళీ మురికి గదికే పోబోయింది. నేను సూపర్‌వైజర్ దగ్గరికి పోయి ఆమెని బల్ల దగ్గరికి తెమ్మన్నాను.

"ఇప్పుడా? ఆ చేత్తో ఏం పట్టుకుంటుందమ్మా?"

"పట్టుకున్నంత పట్టుకుంటుంది."

ఇంట్లో మీ మరిదిని పటకారు అడిగాను. "ఎందుకు?" అన్నారు. ఆ ఇంట్లో మగ గొంతు విని ఎన్నాళ్ళైందో, నేనే ఉలిక్కిపడ్డాను. మేకు పీకాలని చెప్పాను. చెప్తుంటే ఆమె వేళ్ళ సంగతి వచ్చింది, నేను ఊహూ అన్న సంగతీ వచ్చింది. అంతా విని చొక్కా వేసుకుని నాతో వచ్చారు. పెరట్లో వ్యాను నిలిచే చోటు మీదుగా రాలేక గోడ చుట్టూ తిరిగొచ్చారు. మేకు గట్టిగా దిగిపోయింది, ఊడేసరికి సున్నం పెచ్చు రాలి చెయ్యి పట్టేంత గుంట పడింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డారు. మేకు జేబులో వేసుకుని షాపుకి పోయారు. రేకు పెట్టె ఇంకా తెరవలేదు. తెరుస్తారో లేదో.

ఆమె నా ఎదురుగా నిలబడింది. కొస పట్టుకుంటుంది, లాగగానే జారిపోతుంది. మిగిలిన మూడు వేళ్ళూ అరచేతికి అదుముకుని పడుతుంది, ఐనా జారుతుంది. నేను ఈ కొస బల్ల మీద పెట్టి, నడిచి వెళ్ళి, కింద పడింది తీసి ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, మళ్ళీ నా చోటికి రావాలి. ఒక్కో దుప్పటికి ఎన్నిసార్లో. సాయంత్రానికి మూటలు సగం కూడా కావు.

"మేకే నయం, వదిలిపెట్టదు" అంటుంది.

"నీ నోటికి మాత్రం ఏ సూదీ గుచ్చుకోలేదు" అన్నాను.

నవ్వు రాలేదు. ఇద్దరికీ రాలేదు. పూర్వమైతే వచ్చేది.

వదినా అని ఇంకా పిలవలేదు. వాడు జైలు నుంచి వస్తే నేను చూడలేను, ఆ మాట ఆమెకి చెప్పేశాను. సరే అంది. ఆమెని క్షమించావా అని అడగకు, నువ్వే రాశావు అక్కడ క్షమించడానికేం లేదని. ఇప్పుడు ఉన్న తప్పంతా ఇటు, నా వైపే ఉంది. ఆమె నన్ను క్షమించిందా అని నేను అడగలేదు. వేళ్ళు మూస్తున్నప్పుడు ఆమె నా మొహం చూడదు, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోదు.

నువ్వు నేర్పిన ఊపిరి ఇప్పుడు కుదరడం లేదు. గు అంటూ బయల్దేరతాను. మధ్యలో దుప్పటి జారుతుంది. వంగి తీసేలోపు రెండో సగం ఎక్కడో పడిపోతుంది. రోజంతా ఇలాగే, అన్నీ సగాలే. అవి ఎటు పోతున్నాయో నాకు తెలీదు. నీ గోడ దగ్గరికి ఏమైనా వస్తే, అక్కా, ఆ కొస నువ్వు పట్టుకో.

నీ చెల్లి